ఒకరి పరుగు, ఇంకొకరి పతకం

మా పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒకడున్నాడు. క్రికెట్ మ్యాచ్ లేని రోజున మా అందరికీ వాడే స్పోర్ట్స్ పేజీ. నగోయా ఏషియన్ గేమ్స్‌లో మన అథ్లెట్లకు ఎన్ని పతకాలొస్తాయో లెక్కగట్టి ఒక పట్టిక పెట్టాడు. ఈవెంటు, మనవాళ్ళ పేరు, ఈ మధ్య చేసిన బెస్ట్ టైమ్, ఆసియాలో ఎన్నో స్థానం, చివర ఒక రంగు చుక్క. పచ్చ చుక్కుంటే పతకం ఖాయం, పసుపైతే చూద్దాం, ఎరుపైతే నిద్ర పాడుచేసుకోకండి. పాపం చాలా ఓపిగ్గా చేశాడు.

జావెలిన్, షాట్‌పుట్, లాంగ్‌జంప్ వరసలు చదువుతున్నంతసేపూ నాకేం అభ్యంతరం లేదు. 800, 1500 మీటర్లు, స్టీపుల్‌ఛేజ్ (అడ్డకర్రలు, నీటిగుంట దాటుతూ పరిగెత్తే 3000 మీటర్లు) దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ మూడు వరసలూ తీసెయ్యరా అన్నాను. "ఎందుకు, గడియారం అబద్ధం చెప్తదా?" అన్నాడు. చెప్పదు. కాకపోతే ఫైనల్లో గడియారాన్ని ఎవరూ ఏమీ అడగరు. ఎవరు ముందు గీత దాటారన్నదొక్కటే లెక్క.

గొడవ అక్కడితో ఆగలేదు. పట్టిక మీంచి ప్యారిస్ ఒలింపిక్స్ 1500 ఫైనల్ మీదికి, దాని మీంచి ఆ రేసును ముందుండి నడిపి పతకం పోగొట్టుకున్న నార్వే రన్నర్ యాకోబ్ ఇంగెబ్రిట్సెన్ పొగరు మీదికి మళ్ళింది. "ముందు పరిగెత్తి చెడ్డాడు" అని గ్రూపంతా ఒక్క మాట మీదికొచ్చింది. ఎప్పుడూ ఏ విషయంలోనూ కలవని వాళ్ళు కూడా కలిశారు. నాకు మండింది ఆ మాటకే. ఫోన్లో బొటనవేళ్ళతో అంత వాదన కొట్టలేక ఇక్కడ రాస్తున్నాను.

పచ్చ చుక్కల సంగతి

ముందు పట్టిక పని చూద్దాం. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ 800 మీటర్లు. ఆ జూన్‌లోనే జిన్సన్ జాన్సన్ గువాహటిలో 1:45.65 పరిగెత్తి, నలభై రెండేళ్ళుగా కదలని జాతీయ రికార్డును కదిపాడు. పట్టిక ఉంటే పచ్చ చుక్క అతని పక్కనే. చివరి వంద మీటర్లలో బయటి నుంచి మంజీత్ సింగ్ వచ్చి 1:46.15తో బంగారం కొట్టుకుపోయాడు, జాన్సన్‌కు రజతం. 1982 తర్వాత ఆ ఈవెంటులో మనకొచ్చిన మొదటి బంగారం అది. అప్పటికి మంజీత్‌కు ఉద్యోగం కూడా లేదు. అదే జాన్సన్ అవే గేమ్స్‌లో 1500లో 3:44.72 చేసి బంగారం తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో అతను చేసిన జాతీయ రికార్డు 3:35.24. అంటే తొమ్మిదిన్నర సెకన్లు నెమ్మదిగా పరిగెత్తిన రోజున బంగారం వచ్చింది, జీవితంలో అన్నిటికన్నా వేగంగా పరిగెత్తిన రోజున రికార్డు పుస్తకంలో ఒక అంకె మారింది.

మా ఊళ్ళోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2021 సెప్టెంబరులో హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. అక్కడ హర్‌మిలన్ బైన్స్ 1500ను 4:05.39లో ముగించింది. 2002 బుసాన్‌లో సునీతా రాణి పెట్టిన 4:06.03 అంతటితో పోయింది. పక్కన పోటీకి ఎవరూ లేరు, తనకు తానే వేగం పెట్టుకుంది. మనం పొద్దున్నే స్వెటర్లేసుకుని, కబుర్లాడుకుంటూ చుట్లు కొట్టే ట్రాక్ అది. మన దేశంలో ఏ ఆడపిల్లా అంతకు ముందు పరిగెత్తనంత వేగంగా అక్కడ ఒకమ్మాయి పరిగెత్తింది. ఊళ్ళో సగం మందికి ఇప్పటికీ తెలియదు. రెండేళ్ళ తర్వాత హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో ఆమె 4:12.74 చేసింది, రజతం వచ్చింది. బహ్రెయిన్ తరఫున పరిగెత్తిన విన్‌ఫ్రెడ్ యావి 4:11.65తో గెలిచింది. హన్మకొండ టైమ్‌ను హాంగ్‌ఝౌ పక్కన పెట్టి "బంగారం పోగొట్టుకుంది" అన్నవాళ్ళను నేను విన్నాను. గాయాల సంగతి, హీట్ల (ఫైనల్‌కు ముందు వడపోత పరుగుల) సంగతి, ఎవరూ వేగం పెట్టని ఫైనల్ సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేవు.

పై స్థాయిలోనూ అంతే. 2025లో 1500లో ఆ ఏడాది అత్యుత్తమ టైమ్ ఫ్రాన్స్‌కు చెందిన అజెద్దీన్ హబ్జ్‌ది, 3:27.49. అదే రేసులో అతని వెనకాలే వచ్చిన కెన్యా కుర్రాడు ఫానుయెల్ కోయెచ్‌ది 3:27.72. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల్లో ఇద్దరికీ పతకం లేదు. ఇంగెబ్రిట్సెన్ గాయం నుంచి లేచొచ్చి హీట్స్‌లోనే వెనుదిరిగాడు. ఒలింపిక్ ఛాంపియన్, అమెరికా రన్నర్ కోల్ హాకర్‌ను సెమీస్‌లో పక్కవాళ్ళను నెట్టాడని డిస్‌క్వాలిఫై చేశారు. అంతకు ముందు ప్రపంచ ఛాంపియన్, బ్రిటన్ రన్నర్ జోష్ కెర్‌కు ఫైనల్ మధ్యలో పిక్క పట్టేసింది, కుంటుకుంటూ ఆఖర్న వచ్చాడు. గెలిచింది పోర్చుగల్ కుర్రాడు ఇసాక్ నాడెర్, 3:34.10. ఆ ఏడాది అత్యుత్తమ టైమ్ కన్నా ఆరున్నర సెకన్లు నెమ్మది.

ఏటా ఊరూరా జరిగే డైమండ్ లీగ్ రేసుల్లో ముందు పేసర్ (మొదట్లో వేగం పెట్టి మధ్యలో తప్పుకునేవాడు) ఉంటాడు, ట్రాక్ అంచున దీపాలు వేగం చూపిస్తూ పరిగెత్తుతాయి, అందరూ వరసకట్టి వెళ్తారు. ఫైనల్లో పేసర్ ఉండడు, దీపాలుండవు. నాలుగైదు రోజుల్లో మూడో పరుగు. లోపలి వైపు ఇరుక్కుంటే దారి మూసుకుపోతుంది. బయటికొస్తే, రెండో లేన్‌లో ఒక పూర్తి ల్యాప్ తిరిగితే ఏడు మీటర్లకు పైగా అదనం. నాడెర్ గెలిచిన తేడా సెకనులో వందో వంతులు రెండు, దూరంలో మూర కూడా ఉండదు. వీటిలో ఏదీ సీజన్ బెస్ట్ అనే గడిలో పట్టదు.

సరే, ఈ మాట వినగానే మావాడు, "అయితే నీది కూడా నాదే, అంచనా కష్టం అంటున్నవ్, అంతే కదా" అన్నాడు. అంతే అయితే పోస్టు రాసేవాణ్ణి కాదు. ఎవరు ముందుండి పరిగెత్తారన్నది చూడకుండా పతకాల గురించి మాట్లాడలేం అంటున్నాను. ప్యారిస్ అందుకే కావాలి.

ఆ రాత్రి

2024 ఆగస్టు 6. మన దేశంలో ఆ రాత్రి మేలుకున్నవాళ్ళు 1500 మీటర్ల కోసం మేలుకోలేదు. వినేశ్ ఫొగాట్ ఫైనల్‌కు చేరింది. హాకీ సెమీస్‌లో జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. మర్నాడు పొద్దున ఏం జరిగిందో మళ్ళీ గుర్తుచేయక్కర్లేదు. హాకీ బాధలో టీవీ కట్టెయ్యనివాళ్ళకు మాత్రం, పన్నెండున్నర కాబోతుండగా, పన్నెండు మంది గీత మీద నిలబడటం కనిపించింది.

పట్టిక ప్రకారం చూస్తే పోటీయే లేదు. ఇంగెబ్రిట్సెన్ జులైలోనే మొనాకోలో 3:26.73 చేశాడు. చరిత్రలో అతని కన్నా వేగంగా పరిగెత్తినవాళ్ళు ముగ్గురే. కెర్ అంతకు ముందు ఏడాది బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అతన్ని ఓడించాడు గనక మాటల యుద్ధం నడుస్తోంది. కళ్ళకు గంతలు కట్టుకున్నా కెర్‌ను ఓడిస్తానని యాకోబ్ అన్నాడు, కెర్ కూడా తక్కువేం తినలేదు. హాకర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అతని బెస్ట్ 3:30.59. పసుపు చుక్క, అదీ దయతలిస్తే.

యాకోబ్ మొదటి ల్యాప్ మధ్యలోనే ముందుకొచ్చేసి 400 మీటర్లు 55 సెకన్ల లోపు తీసుకెళ్ళాడు. ఒలింపిక్ ఫైనల్‌లో ఎవరూ వెళ్ళని వేగం. 800 దాటేసరికి 1:51 పైచిలుకు. వెనకాల ఒక్కరూ ముందుకు రాలేదు, ఒక్కరూ జారిపోలేదు కూడా. అంత వేగంలో పదకొండు మంది తోకలా వెనకాలే. ఆఖరి ల్యాప్ గంట కొట్టాక కూడా అతనే ముందు. 1200 దగ్గర 2:47.

చివరి మలుపులో కెర్ బయటి నుంచి వచ్చాడు. హాకర్ లోపలి సందులో దూరబోయాడు, యాకోబ్ సందు మూశాడు, హాకర్ తగ్గాల్సొచ్చింది. ఆ వేగంలో ఒకసారి తగ్గినవాడు మళ్ళీ లేవడం అరుదు. స్ట్రెయిట్‌లోకి తిరిగాక కెర్‌ను ఆపాలని యాకోబ్ కొంచెం బయటికి జరిగాడు, లోపల మళ్ళీ సందు తెరుచుకుంది. హాకర్ ఈసారి అడగలేదు, దూరిపోయాడు. హాకర్ 3:27.65. కెర్ 3:27.79. యారెడ్ నుగూసే 3:27.80. ఆ తర్వాత యాకోబ్, 3:28.24.

ఆ నాలుగో టైమ్ దగ్గర కాస్త ఆగండి. అప్పటిదాకా ఒలింపిక్ రికార్డు 3:28.32. అది యాకోబ్‌దే, 2021 టోక్యోలో బంగారం గెలిచినప్పటిది. అంటే తన బంగారం పరుగు కన్నా వేగంగా పరిగెత్తి నాలుగో స్థానంలో వచ్చాడు. అతన్ని దాటిన ముగ్గురూ ఆ రోజు తమ జీవితంలోనే అత్యంత వేగంగా పరిగెత్తారు. కెర్‌ది బ్రిటన్ రికార్డు. అంతవరకూ 3:30 లోపు ఎన్నడూ రాని హాకర్ ఒక్క రాత్రిలో దాదాపు మూడు సెకన్లు కోసేశాడు. ఎక్కడి నుంచి వచ్చాయి ఆ మూడు సెకన్లు? అతని కాళ్ళలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. వాటిని బయటికి లాగిందెవరు? గంటకు 26 కిలోమీటర్ల వేగంలో ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు, వేగం ఎంతుండాలో తానే తేల్చుకుంటాడు, వెనక ఎవరెలా ఉన్నారో అతనికి కనిపించదు. వెనకున్నవాడికి ఈ మూడు బాధలూ లేవు. ముందున్నవాడి వీపు చూస్తూ పోతే చాలు.

మా గ్రూపులో ఆ రాత్రి ఒంటిగంటకు వచ్చిన మెసేజీలు ఇప్పటికీ ఉన్నాయి. "పొగరు దిగింది." "ఓవర్ కాన్ఫిడెన్స్." "మూడు ల్యాపులు షో చేసి ఆఖర్న తుస్." నోరు మూసుకున్న హాకర్‌కు బంగారం, నోరు పారేసుకున్న యాకోబ్‌కు సున్నా అని నీతికథ కట్టేశారు. మరి అంతే నోరున్న కెర్‌కు రజతం ఎందుకొచ్చినట్టు? నాలుగు రోజుల తర్వాత అదే యాకోబ్, అదే పొగరుతో, 5000 మీటర్ల బంగారం గెలిచాడు. పొగరు నాలుగు రోజుల్లో దిగి మళ్ళీ ఎక్కిందా?

యాకోబ్ తానే రేసు తర్వాత ఒప్పుకున్నాడు కదా, మొదట్లో మరీ వేగంగా వెళ్ళి తన పరుగు తానే పాడుచేసుకున్నానని, అని మీరనొచ్చు. ఒప్పుకున్నాడు, నిజమే. నాకూ ఇక్కడ కొంచెం ఇబ్బందే. కానీ అతనన్నది మొదటి ల్యాప్ గురించి. 55 బదులు 56లో వెళ్ళాల్సింది అన్న మాటకీ, అసలు ముందుకు వెళ్ళకూడదు అన్న మాటకీ చాలా దూరం ఉంది. 2022 యూజీన్, 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో అతను ఇంత విపరీతంగా వెళ్ళలేదు. ఆ రెండు ఫైనళ్ళూ 3:29 చిల్లరలో ముగిశాయి. రెండుసార్లూ చివరి రెండొందల్లో ఒక బ్రిటన్‌వాడు దాటేశాడు, మొదట జేక్ వైట్‌మన్, తర్వాత కెర్. చివర్లో తనకన్నా దూకుడున్నవాళ్ళను ఎదుర్కోవాలంటే ఆ దూకుడు మిగలనంత వేగంగా లాగెయ్యడమొక్కటే దారి. ప్యారిస్‌లో ఆ దారే ఎంచుకున్నాడు, మోతాదు తప్పింది. దాన్ని లెక్క తప్పడం అనండి. బుద్ధి లేకపోవడం అనకండి.

పీఈటీ సార్ మాట

ఈ వాదనంతా మా పాత పీఈటీ సార్‌కు ఒకరోజు జేఎన్ఎస్‌లో చెప్పాను. రిటైరై చాలా ఏళ్ళయింది, ఇప్పటికీ మెడలో విజిల్ లేకుండా ట్రాక్ మీదికి రారు. నా మాట పూర్తవ్వకముందే కొట్టిపారేశారు. "త్యాగం, ధైర్యం అని కథలు చెప్పకు. వాడు ముందు పోయింది వేరేటోళ్ళకు పతకాలు పంచనీకా? గెలవనీకే పోయిండు. గెలవలే. అయిపాయె."

సార్ అన్నదాంట్లో చాలావరకు నేను తీసుకోవాల్సిందే. ముందుండి గెలిచినవాళ్ళు బోలెడుమంది. లండన్ 2012 ఒలింపిక్స్‌లో కెన్యా రన్నర్ డేవిడ్ రుడీషా 800ను మొదటి నుంచి చివరిదాకా ముందుండి 1:40.91 చేశాడు, అదే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ప్యారిస్ 800లో ఎమాన్యుయెల్ వన్యోన్యీ ముందుండి, సెకనులో వందో వంతు తేడాతో మార్కో అరోప్‌ను ఆపాడు. ఫెయిత్ కిప్యేగాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టోక్యో 2025లో ఆడవాళ్ళ 1500ను 3:52.15తో గెలిచినప్పుడు రెండో అమ్మాయి రెండున్నర సెకన్లకు పైగా వెనకుంది. వాళ్ళెవరి గురించీ మనం త్యాగం అనం. అంత బలం ఉంటే ముందుండటం సుఖమే.

ఆ పక్కనే కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు తిరుగుతున్నారు. 1600 మీటర్లు, ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో పూర్తిచేయాలి. నాలుగు చుట్లు. ముందు ఒక సన్నటి కుర్రాడు, కాళ్ళకు మామూలు కాన్వాస్ బూట్లు, ఒకదానికి లేసు ఊడి కొట్టుకుంటోంది. వెనకాల ఏడెనిమిది మంది గుత్తిగా. మూడో చుట్టులో లేసు తొక్కి తూలాడు, సర్దుకునేలోపు గుత్తి మొత్తం అతన్ని దాటిపోయింది. దాటినవాళ్ళందరి వేగం వెంటనే పడిపోయింది. నా ముందు నుంచి వెళ్తూ ఒకడు "అన్నా, జల్ది రా, ముందుకు రా" అని వెనక్కి తిరిగి అరిచాడు. సార్ నవ్వారు. ఆ కుర్రాడు మళ్ళీ వెళ్ళి ముందు చేరాడు. అక్కడ అందరూ పాసవ్వొచ్చు, టైమ్ లోపు వస్తే చాలు, అందుకని ముందున్నవాణ్ణి పిలుచుకుంటున్నారు. పన్నెండు మందికి మూడు పతకాలున్న చోట అలా పిలిచేవాడుండడు, అంతే తేడా. గుత్తికి అతని అవసరం మాత్రం రెండు చోట్లా ఒకటే.

త్యాగం అన్న మాట వెనక్కి తీసుకుంటాను సార్. యాకోబ్ ఎవరి కోసమూ పరిగెత్తలేదు. కానీ అతను తన కోసమే చేసిన పని మిగతా ముగ్గురి పరుగులో భాగమైపోయింది. అది లేకుండా హాకర్ బంగారం గురించి చెప్పడం కుదరదు. లండన్ 800లో ఆఖర్న వచ్చిన ఆండ్రూ ఒసాగీ టైమ్ 1:43.77. అంతకు ముందు మూడు ఒలింపిక్స్‌లో దేంట్లోనైనా ఆ టైమ్‌కు బంగారమే. రుడీషా గెలిచాడు గనక "అందరినీ లాక్కెళ్ళాడు" అని మెచ్చుకుంటాం. యాకోబ్ కూడా అచ్చంగా అదే చేశాడు, చివరి యాభై మీటర్లు తప్ప.

అదే పని, వేరే తీర్పు

వైట్‌మన్‌ను తీసుకోండి. 2022లో చివరి రెండొందల్లో ముందుకు దూకి గీతదాకా నిలబెట్టుకున్నాడు. స్టేడియంలో మైకు పట్టుకుని రేసు చెబుతున్నది అతని తండ్రే, ఆయనే కోచ్ కూడా. అదేదో సినిమా సీనులా అందరూ కళ్ళు తుడుచుకున్నాం. 2025 టోక్యోలో దాదాపు అదే పని మళ్ళీ చేశాడు. మధ్యలో మూడేళ్ళు గాయాలు. ఈసారి నాడెర్ ఆఖరి అడుగులో అందుకున్నాడు. ఆ రెండు వందో వంతుల కోసం "తొందరపడ్డాడు, ఇంకో ఇరవై మీటర్లు ఆగుంటే" అని విశ్లేషణలు. 2022లో ఆ ఇరవై మీటర్లు ఆగకపోవడమే తెలివి అయింది.

రియో 2016 ఒలింపిక్స్ 1500 ఫైనల్లో అమెరికా రన్నర్ మాథ్యూ సెంట్రోవిట్జ్ కూడా ముందుండే పరిగెత్తాడు, కాకపోతే నెమ్మదిగా. మొదటి ల్యాప్ 66 సెకన్ల పైన. ఎవరూ ముందుకు రాలేదు, తానే దారి ఆక్రమించుకుని చివర్లో పేల్చాడు. 3:50.00. 1932 తర్వాత అంత నెమ్మదైన ఒలింపిక్ ఫైనల్ లేదు. అదే ఏడాది అదే ఊళ్ళో పారాలింపిక్స్‌లో, చూపు లోపమున్నవాళ్ళ టీ13 విభాగంలో, అల్జీరియా రన్నర్ అబ్దెల్లతీఫ్ బకా 3:48.29 చేశాడు. మొదటి నలుగురూ సెంట్రోవిట్జ్ కన్నా వేగం. దాన్ని పట్టుకుని జనం సెంట్రోవిట్జ్‌ను ఎగతాళి చేశారు. వేగంగా వెళ్ళి ఓడితే మూర్ఖుడు, నెమ్మదిగా వెళ్ళి గెలిస్తే దొంగ. రన్నర్ ఏం చేస్తే మనకు నచ్చుతుందో మనకే తెలియదు.

నాకు మటుకు సెంట్రోవిట్జ్ రేసూ ఇష్టమే, అదో రకం జూదం. కానీ వరసగా అలాంటి ఫైనళ్ళే చూడమంటే చూడను.

మనకూ ఒకడున్నాడు

మన దేశంలో ఈ వాదన అర్థం కావాలంటే యాకోబ్ దాకా కూడా వెళ్ళక్కర్లేదు. 1976 మాంట్రియల్, 800 మీటర్ల ఫైనల్. మొదటి ల్యాప్ ముందుండి లాగింది శ్రీరామ్ సింగ్, 50.85 సెకన్లు. ఆ తర్వాత క్యూబా ఆజానుబాహుడు ఆల్బెర్టో హువాంతొరేనా ముందుకెళ్ళి 1:43.50తో ప్రపంచ రికార్డు, బంగారం. శ్రీరామ్ ఏడో స్థానం, 1:45.77. ఆ ఏడో స్థానం టైమే జాన్సన్ వచ్చేదాకా మన జాతీయ రికార్డు. 2025లో మహమ్మద్ అఫ్సల్ 1:45 లోపు వచ్చేసరికి శ్రీరామ్ పరిగెత్తి దాదాపు యాభై ఏళ్ళు. తన రికార్డులో శ్రీరామ్ వేగానికి వాటా ఉందని హువాంతొరేనాయే చెప్పినట్టు మన పాత్రికేయులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు.

అయినా మనం ఓడి గెలిచినవాళ్ళ జాబితా చెప్పుకునేటప్పుడు మిల్ఖా సింగ్ వస్తాడు, పీటీ ఉష వస్తుంది, ఇద్దరూ నాలుగో స్థానం. ఏడో స్థానం శ్రీరామ్ రాడు. నాలుగుకు పతకం కూతవేటు దూరంలో ఉంటుంది గనక ఏడ్వడానికి వీలుంటుంది. ఏడుకు అదీ ఉండదు. కానీ ఆ ఫైనల్ ఎలా జరిగిందన్న దాంట్లో మన శ్రీరామ్ వాటా, కంచు గెలిచిన అమెరికావాడి వాటా కన్నా తక్కువేం కాదు. బహుశా ఎక్కువే.

ఇప్పుడు అవినాశ్ సాబ్లే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల స్టీపుల్‌ఛేజ్‌లో 8:11.20 చేసి, కెన్యావాడు అబ్రహాం కిబివోట్‌కు సెకనులో వందో వంతులు ఐదు తేడాతో రజతం తెచ్చినవాడు. ప్యారిస్ ఒలింపిక్స్‌కు నెల ముందు అదే ఊళ్ళో 8:09.91 చేశాడు. ఒలింపిక్ ఫైనల్లో మొదట్లో ముందుకొచ్చి లాగాడు, తర్వాత వెనకబడి 8:14.18తో పదకొండో స్థానం. "అంత ముందుగా వెళ్ళడం ఎందుకు, మనోడికి బుర్రలేదు" అని మా గ్రూపులో రాశారు. యాకోబ్ మీద రాసినవాళ్ళే, ఒక రాత్రి తేడాతో.

అదే రేసులో అమెరికా కుర్రాడు కెన్నెత్ రూక్స్ ఉన్నాడు. కాగితం మీద సాబ్లే కన్నా ఐదు సెకన్లు నెమ్మది, 8:15 దాటి. ఆఖరి ల్యాప్ మొదలయ్యేటప్పుడు ఉన్నట్టుండి గుంపును వదిలేసి ముందుకు దూకాడు. కామెంటేటర్లు, జనం, వెనకున్న రన్నర్లు, ఎవరూ నమ్మలేదు. మొరాకో రన్నర్ ఎల్ బక్కాలీ చివర్లో వచ్చి దాటేశాడు, 8:06.05. రూక్స్ 8:06.41, రజతం. కిబివోట్ 8:06.47, కంచు. రూక్స్‌కూ కిబివోట్‌కూ మధ్య సెకనులో వందో వంతులు ఆరు.

మా గ్రూపులో రూక్స్‌ను ఆ రాత్రి "గుండె ధైర్యం" అని పొగిడారు. ఆ ఆరు వందో వంతులు అటుంటే కంచు, ఇంకో ఇద్దరు అందుకుని ఉంటే ఏమీ లేదు. అప్పుడు అతని గురించి కూడా "అంత ముందుగా వెళ్ళడం ఎందుకు" అనే రాసేవాళ్ళు. సాబ్లే బలం చాలక వెనకబడ్డాడు, రూక్స్ బలం చాలి నిలబడ్డాడు. దాని మీద ఎంతసేపైనా మాట్లాడుకుందాం, శిక్షణ గురించి, ఫైనల్‌కు రెండు రోజుల ముందు పరిగెత్తిన హీట్ గురించి. ముందుకు వెళ్ళడం గురించి మాత్రం ఇద్దరికీ ఒకే మాట వాడండి. ఆ మాట ఏదైనా నాకు ఫరవాలేదు.